పన్నెండు వేల ఏళ్ల దానమ్మ

మా జిల్లాలో ఆదిమానవుడు ఎందుకు నివసించలేదో పదిహేను రోజుల్లోగా సంజాయిషీ ఇవ్వవలసిందిగా రాజధాని నుంచి మా ఆఫీసుకు సర్క్యులర్ వచ్చింది.

"జిల్లాకో ఆదిమానవుడు" అన్నది ఆ సంవత్సరపు పథకం. ముందటేడు "జిల్లాకో మహాకవి" నడిచింది. దాంట్లో మాకు ఏ ఇబ్బందీ రాలేదు. మహాకవులు వాళ్లంతట వాళ్లే దరఖాస్తులు పట్టుకుని మెట్ల దాకా బారులు తీరారు. ఆదిమానవుడి సంగతి అలా కాదు. ఆయన రాడు, మనమే వెళ్లి వెతుక్కోవాలి. పక్క జిల్లాకు కొండగుహ ఉంది. దాని అవతలి జిల్లాకు ఎర్రరంగు బొమ్మలు గీసిన బండ ఉంది. మాకున్నదల్లా ఇసుక, సరుగుడు తోటలు, ఉప్పుగాలి. పొద్దున వేసిన అడుగే సాయంత్రం దాకా నిలవని చోట ఆదిమానవుడి అడుగు ఎక్కడ దొరుకుతుంది?

నేను జిల్లా ప్రాచీన వైభవ సాధన కార్యాలయంలో సాంకేతిక సహాయకుణ్ణి. పేరు కూర్మారావు. భూగర్భశాస్త్రం చదువుకున్నాను. ఏ రాయి ఏదో చెప్పగలిగినవాణ్ణి ఆఫీసు మొత్తానికి నేనొక్కణ్ణే కాబట్టి నాకు కుర్చీల బాధ్యత అప్పగించారు. ఆరేళ్లుగా కుర్చీల వెనక నంబర్లు వేస్తూ సుఖంగా ఉన్నాను.

మా ప్రత్యేకాధికారి డాక్టర్ పరాంకుశం గారు ఆ సర్క్యులర్ చదివి రెండు రోజులు మధ్యాహ్నం క్యారేజీ విప్పలేదు. మూడో రోజు నన్ను పిలిచారు.

"కూర్మారావ్, మన జిల్లా పూర్వచారిత్రక శూన్యత అను దుస్థితిలో ఉన్నది. తత్సంబంధిత శూన్యతను యుద్ధప్రాతిపదికన పూరించవలసిన ఆవశ్యకత ఎంతైనా ఉన్నది. మీరు తక్షణమే తీరప్రాంతమునకు వెళ్లి రాళ్లను పరిశీలించండి."

"ఏ రాళ్లండీ?"

"ఉన్న రాళ్లను."

అలా నేను పాతరేవు వెళ్లాను. పేరుకే రేవు. ఒకప్పుడు అక్కడ తెరచాప ఓడలు లంగరు వేసి గుడ్డలు, నూనెగింజలు, నీలిమందు ఎక్కించుకుని పోయేవట. ఇప్పుడున్నది జాలారుల పేట, ఇసుకలోకి లాగి పెట్టిన ముప్పై నలభై తెప్పలు, ఊరి పొలిమేరలోనే పలకరించే ఎండుచేపల వాసన. ఆ ఒడ్డున ఒక చోట మాత్రం ఇసుక కనబడకుండా నల్లవి, బూడిదరంగువి రాళ్లు గుట్టగా పడి ఉన్నాయి. ఒకటి చేతిలోకి తీసుకోగానే గుర్తుపట్టాను. చెకుముకి రాయి. పైన సున్నం పూసినట్టు తెల్లటి తోలు, లోపల గాజులాంటి నునుపు. మా జిల్లా నేలలో ఆ రాయి పుట్టదు. ఎక్కడో చలిదేశాల సున్నపు కొండల్లో పుడుతుంది.

ఇక్కడికెలా వచ్చిందో తెలుసుకోవడానికి డాక్టరేటు అక్కర్లేదు. సరుకు కోసం ఖాళీగా వచ్చే ఓడ గాలికి ఒరిగిపోకుండా అడుగున రాళ్లు నింపుకుని బయల్దేరుతుంది. ఇక్కడ సరుకు ఎక్కించుకునేటప్పుడు ఆ రాళ్లు ఒడ్డున పారబోసి పోతుంది. అలా వందేళ్లు పారబోస్తే గుట్టవుతుంది. "ఇవి పాత ఓడల బరువు రాళ్లు, వీటికీ ఆదిమానవుడికీ సంబంధం లేదు" అని ఒకటిన్నర పేజీ రిపోర్టు రాసి పట్టుకొచ్చాను.

పరాంకుశం గారు అది చదివి, లేచి, గది తలుపు వేసి వచ్చారు.

"చెకుముకి రాయితో ఆదిమానవుడు పనిముట్లు చేసుకొనెడివాడా, లేదా?"

"చేసుకునేవాడండీ. కానీ ఇవి..."

"పాతరేవున చెకుముకి రాయి ఉన్నదా, లేదా?"

"ఉందండీ. కానీ ఓడల్లో..."

"ఓడలో వచ్చిన రాతిని ఆదిమానవుడు చెక్కరాదని నిబంధన ఏమైనా ఉన్నదా?"

అలాంటి నిబంధన నిజంగానే లేదు. "ఆదిమానవుడి కాలానికి ఓడలు లేవు కదండీ," అన్నాను నెమ్మదిగా.

"అది నౌకాశాఖ పరిధిలోని అంశము. మనము జోక్యము చేసుకొనరాదు."

మర్నాడే ప్రపత్రం-7 అచ్చు వేయించారు. ప్రతి రాయినీ అందులో ఎక్కించాలి. నాలుగో గడిలో అది "చెక్కిన రాయి"యో "బరువు రాయి"యో రాయాలి. వందకు అరవై తక్కువ కాకుండా చెక్కిన రాళ్లు తేలాలని నోటిమాటగా చెప్పారు. నేను మళ్లీ బస్సెక్కాను.

రాళ్లు చూడటం పెద్ద కష్టమేం కాదు. అలలు కొట్టినా, ఓడవాళ్లు పారలతో ఎత్తిపోసినా రాయి పగులుతుంది. కానీ ఆ దెబ్బలు ఎటు పడితే అటు ఉంటాయి, అంచులన్నీ నలిగి ఉంటాయి. మనిషి కొట్టిన రాయి అలా ఉండదు. ఎక్కడ కొట్టాలో చూసుకుని కొడతాడు. దెబ్బ వేసిన చోటు చదునుగా ఉంటుంది, దాని కింద గోరంత బుడిపె లేస్తుంది, ఒక పెచ్చు పక్కన ఇంకో పెచ్చు వరసగా లేచి అంచు పదునెక్కుతుంది. నాలుగు రోజులు ఎండలో కూర్చుని రాళ్లు తిప్పి చూశాను. అన్నీ బరువు రాళ్లే. పరాంకుశం గారు రోజుకు రెండుసార్లు ఫోన్ చేసి "పురోగతి" అడిగేవారు. ఆయన అడిగిన పురోగతి ఆ రాళ్లలో లేదు.

అయిదో రోజు గుట్ట దక్షిణపు కొసకి వెళ్లాను. అక్కడ రాళ్లు గుట్టగా కాక అరుగులా చదునుగా పరిచి ఉన్నాయి. ఆ పరుపు అంచున ఇసుకలో ఒక పెచ్చు దొరికింది. చదును ఉంది. బుడిపె ఉంది. వరస ఉంది. పక్కన ఇంకోటి. దాని కింద పది. చేత్తో ఇసుక జరిపితే గంపెడు. ఎంత తిప్పి చూసినా అవి మనిషి కొట్టినవే, అందులోనూ చెయ్యి తిరిగిన మనిషి కొట్టినవి. నిజాయితీ కొద్దీ నాలుగో గడిలో "చెక్కిన రాయి" అని రాశాను. మూడు వందల నలభై రెండు సార్లు రాశాను.

అదే పరుపు మీద ఒకామె ఎండేసిన నెత్తళ్లు, వేలెడంత చిన్నచేపలు, తిరగేస్తూ నావంక చూస్తూనే ఉంది. ఆమెను ఒక్క మాట అడగాల్సింది. కానీ ప్రపత్రం-7లో "స్థానికుల వాంగ్మూలం" ముప్పై ఒకటో గడి. అది తొంభై రోజుల తర్వాత పూరించాలి. నేనింకా నాలుగో గడిలో ఉన్నాను. అక్కడే పప్పులో కాలేశాను.

వారం తిరక్కుండా ఉత్తర్వు వెలువడింది. పాతరేవున పన్నెండు వేల సంవత్సరాల నాటి ఆదిమానవ కర్మాగారం బయల్పడిందని, మా జిల్లా తలెత్తుకుందని అందులో ఉంది. పన్నెండు వేలు ఎక్కడి నుంచి వచ్చాయని అడిగాను. పక్క జిల్లావాళ్లది పదకొండు వేలట. ఉత్తర్వుతో పాటే లారీలో సిమెంటు స్తంభాలు, ముళ్లతీగ వెళ్లాయి. రాళ్ల పరుపు చుట్టూ కంచె లేచింది.

కంచె లేచిన రోజు నేనూ పాతరేవులోనే ఉన్నాను. ఆ నెత్తళ్ల ఆమె చేపల బుట్టతో నన్ను వెతుక్కుంటూ వచ్చింది. పేరు గరికిన దానమ్మ. యాభై ఎనిమిదేళ్లుంటాయి. పదేళ్ల కిందట మొగుడు తెప్పతో పాటు గాలివానలో పోయాడు. చేపలు ఎండబెట్టి సంతల్లో అమ్ముకుని బతుకుతోంది. ఆమె బతుకంతా ఆ రాళ్ల పరుపే. ఇసుకలో ఎండేసిన చేప నోట్లో పెట్టుకుంటే కరకరలాడుతుంది, ఎవరూ కొనరు. రాళ్ల మీదైతే నీరు కిందికి దిగిపోతుంది, రాయి కాగుతుంది, పైనా కిందా వేడి తగిలి సాయంత్రానికల్లా ఎండిపోతుంది. ఆమె అత్త, ఆ అత్తకి అత్త ఒక్కో రాయీ ఏరి పరిచిన చోటది. పైగా అది నెత్తళ్లు పడే కాలం. గట్టిగా నెలన్నర ఉంటుంది.

"బాబూ, రాళ్లేరుకోడానికొచ్చినోడివి నువ్వే గదేటి? నెమ్మదస్తుడివనుకున్నాను. నా సోటుకి కంచేసీసినారేటి?" అంది.

"అది నీ చోటు కాదమ్మా. ఆదిమానవుడి చోటు."

"ఆడెవుడు? ఏ పేటోడు?"

"పన్నెండు వేల ఏళ్ల కిందటివాడు. ఆ రాళ్లు కొట్టి, వాటితో చేపలు కోసుకునేవాడు."

దానమ్మ నడుమ్మీద చెయ్యి పెట్టుకుని నన్ను కిందనుంచి పైదాకా చూసింది.

"ఆ రాళ్లు కొట్టినది నాను బాబూ."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. కింద కూర్చుని, తొడ మీద గుడ్డ మడత వేసుకుని, ఎడం చేత్తో ఒక చెకుముకి రాయి పట్టుకుంది. రెండుసార్లు తిప్పి చూసింది. కుడిచేతిలోని గుండ్రాయితో ఒకటే దెబ్బ వేసింది. అరచేయంత పెచ్చు లేచి గుడ్డలో పడింది. ఆ పెచ్చుతో బుట్టలోని గొరక చేప పొలుసు గీకి, పొట్ట చీల్చి, పక్కన పడేసింది. నేను రెండుసార్లు ఊపిరి తీసుకునేలోగా అంతా అయిపోయింది.

"ఇనప కత్తి ఉప్పునీటికి రెండు నెల్లకే తుప్పట్టీస్తాది. రాయికి తుప్పేటున్నాది? మా అత్త నేర్పినాది. అంచు మొండయిపోతే పక్కన పారీస్తాను, ఇంకోటి కొట్టుకుంతాను."

"ఎన్నేళ్ల నుంచి?"

"కాపరానికొచ్చిన కాడ్నుంచి. ఇప్పుడు నానొక్కర్తినే. మిగతావోల్లు స్టీలు కత్తులు కొనీసుకున్నారు."

గుడ్డలోంచి పెచ్చు తీసి చూశాను. చదును ఉంది. బుడిపె ఉంది. గుండెల్లో రాయి పడింది. ఆ రాయి కూడా ఆమె కొట్టిందే.

పరుగున వెళ్లి పరాంకుశం గారికి జరిగింది చెప్పాను. కంచె తీయించేద్దామన్నాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"ఉత్తర్వు వెలువడినది కూర్మారావ్. ఒకసారి ప్రాచీనముగా ప్రకటింపబడిన వస్తువును తిరిగి నవీనము చేయుటకు నిబంధనలలో వెసులుబాటు లేదు."

"కానీ కొట్టింది ఆవిడే కదండీ. నేను కళ్లారా చూశాను."

"రాళ్ల వయస్సు పన్నెండు వేల సంవత్సరములు. ఇది ప్రభుత్వము ఆమోదించిన వయస్సు, దీనిలో మార్పు లేదు. ఆ రాళ్లను చెక్కినది ఆమె. ఇది మీరు కళ్లారా చూచినారు. కావున..." అని ఆగారు. ఆయన ముఖం వెలిగింది. ఆ వెలుగు చూసి నేను భయపడ్డాను.

రాజధాని నుంచి ముగ్గురు సభ్యుల నిపుణుల సంఘం దిగింది. తెల్ల టోపీలు, కొబ్బరిబొండాలు, ఎండకు గొడుగు పట్టే మనిషి. దానమ్మ వాళ్ల ముందు నాలుగు పెచ్చులు కొట్టింది. వాళ్లు నాలుగుసార్లు చప్పట్లు కొట్టారు. తర్వాత అధ్యక్షులు ప్రశ్నలు మొదలుపెట్టారు. జవాబులు నేను రాసుకోవాలి.

"మీ జన్మకాలము?"

"పెద్ద గాలివాన ముందటేడు పుట్టినానట."

"ఏ గాలివాన?"

"పెద్దది బాబూ."

అధ్యక్షులు నావైపు తిరిగి, "హిమయుగాంతమున సంభవించిన వాతావరణ సంక్షోభమును ప్రత్యక్షముగా స్మరించుచున్నది అని రాయండి," అన్నారు. రాశాను.

"అగ్నిని ఎట్లు వినియోగించుచున్నారు?"

"గేసు అయిపోనాది. పుల్లలెట్టుకుంతన్నాను."

అది కూడా రాశాను. చదువు వచ్చా అంటే రాదంది. "లిపికి పూర్వదశ" అని రాయించారు. అప్పుడు నేను ధైర్యం చేసి లేచి, ఆవిడకు ఆధార్ కార్డు ఉందని చెప్పాను.

"కార్డు నవీనమైనదే, సందేహము లేదు," అన్నారు అధ్యక్షులు చాలా ఓపికగా. "కానీ కార్డు వయస్సును బట్టి మనిషి వయస్సును నిర్ణయించుట శాస్త్రీయము కాదు."

సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. ప్రపంచంలో ఎక్కడెక్కడో ఆదిమానవుడి ఎముకలే దొరికాయి. మా జిల్లాలో మనిషే దొరికింది. గరికిన దానమ్మ, సజీవ ఆదిమ అవశేషము, వయస్సు సుమారు పన్నెండు వేలు. పరాంకుశం గారు ఆ రోజు క్యారేజీ విప్పి కడుపారా తిన్నారు.

దానమ్మకి ఇదంతా సగమే అర్థమైంది. ఆ సగం కూడా సంతోషంగానే అర్థమైంది. రాళ్లు తనవేనని పెద్దవాళ్లు ఒప్పుకున్నారు కాబట్టి కంచె తీసేస్తారనుకుంది. కంచె తీయలేదు. ఆమెను కంచెలోపల పెట్టారు. భుజం మీద నంబరు పెయింటు చేస్తామన్నారు గానీ, ఆమె గుండ్రాయి చేతిలోకి తీసుకోవడంతో మెడలో బిళ్ల కట్టి ఊరుకున్నారు. సందర్శన వేళలు పది నుంచి అయిదు. సోమవారం సెలవు, ఆ రోజు ఆమె ఎవరికీ కనబడకూడదు. రబ్బరు చెప్పులు, సెల్‌ఫోను నిషిద్ధం. బడిపిల్లలు వరసగా వచ్చి చూసిపోతున్నారు, ఆమె రాళ్లు కొట్టి చూపిస్తోంది.

చేపలు ఎండేయడానికి మాత్రం వీల్లేదన్నారు. ఆదిమానవుడికి ఉప్పు తెలుసా, తెలిస్తే చేపకు పట్టించేవాడా అన్నది తేలాలి. దానికో ఉపసంఘం వేశారు. ఉపసంఘం ఇంకా ఎక్కడ సమావేశం కావాలన్న విషయం మీద ఉంది. ఈలోగా తెప్పలు రోజూ నెత్తళ్లు తెస్తున్నాయి. దానమ్మ రాళ్ల పరుపు మీద వట్టిచేతులతో కూర్చుని, తనకు రావలసిన గంపలు ఐసు లారీలోకి ఎక్కుతుంటే చూస్తోంది. పరుపు ఖాళీగా ఎండుతోంది. ఇదంతా నా నాలుగో గడి వల్ల వచ్చిందని తలచుకుంటే నాకు ముద్ద దిగేది కాదు.

ఆ తర్వాత ఆమె వితంతు పింఛను ఆగింది. ఆగిందన్న కాగితం నేనే చదివి వినిపించాల్సి వచ్చింది. "ఆదిమ సమాజమున వివాహ వ్యవస్థ రూపుదిద్దుకొననందున, సదరు అవశేషము వితంతువు కాజాలదు."

"అంటే ఏటంతన్నారు?"

"నీకు పెళ్లి కాలేదంటున్నారు."

దానమ్మ సముద్రం వైపు చూసి, "నా మొగుడు లేడంతే లేడయిపోతాడేటి? ఆ నీల్లలోనే ఉన్నాడు," అంది. నాకు ఏడుపొచ్చింది. ఆమె ముందు ఏడవడానికి కూడా సిగ్గేసింది, ఎందుకంటే అక్కడ ఆఫీసు తరఫున నిలబడ్డది నేనే.

ఆమె ఏడవలేదు. కొంగు దోపుకుని నా ఎదురుగా కూర్చుంది. "నా గురించి రాసినదంతా సదువు బాబూ. పెళ్లి లేదన్నోల్లు ఇంకేటి రాసినారో నాకు తెలాల."

పదిహేడు పేజీల ఉత్తర్వు. మొత్తం చదివాను. తొమ్మిదో నిబంధన దగ్గర ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"అది మల్లీ సదువు."

"అవశేషము చుట్టూ వంద మీటర్ల పరిధిలో ఎవరునూ తవ్వరాదు, కట్టరాదు, వాహనము నిలుపరాదు, మేకు సైతము కొట్టరాదు."

"కంచె సుట్టూనా, నా సుట్టూనా?"

"అవశేషము చుట్టూ అనే ఉంది. అంటే నీ చుట్టూనే."

"మరి నాను నడిస్తే?"

ఫైలు ముందుకీ వెనక్కీ తిరగేశాను. అవశేషం నడిస్తే ఏం చేయాలో ఎక్కడా రాసి లేదు. మా శాఖ పుట్టిన తర్వాత ఏ అవశేషమూ నడిచినట్టు లేదు.

దానమ్మ మర్నాడు తొలి బస్సుకే జిల్లా కేంద్రానికి వచ్చి మా ఆఫీసు వరండాలో చాపేసుకుని కూర్చుంది. మెడలో బిళ్ల ఉంది. నేను సాంకేతిక సహాయకుణ్ణి కాబట్టి టేపు తెచ్చి నాలుగు దిక్కులా వంద మీటర్లు కొలిచాను. ఆఫీసు జీపు, అందరి మోటారుసైకిళ్లు రోడ్డవతలకి పోయాయి. పరాంకుశం గారి గదికి ఏసీ బిగించడానికి గోడకి కన్నం సగం పెట్టి మేస్త్రీ ఆపేశాడు. ఆ సగం కన్నంలోంచి వడగాలి ఆయన బట్టతల మీదికే కొట్టింది. కొత్త క్యాలెండరుకి మేకు కొట్టబోయిన రికార్డు అసిస్టెంటు చేత సుత్తి కింద పెట్టించాను. ఉద్యోగంలో చేరాక నిబంధనల్ని ఇంత ఇష్టంగా నేనెప్పుడూ అమలు చేయలేదు.

గురువారం మంత్రిగారు వచ్చారు. మా ఆఫీసుకు రెండు వందల మీటర్ల అవతలి స్థలంలో "ఆదిమానవ భవన్"కి శంకుస్థాపన. షామియానా, మేళం, పసుపు రాసిన గునపం అన్నీ సిద్ధంగా ఉన్నాయి. దానమ్మ వరండాలోంచి లేచి, నెమ్మదిగా నడిచివెళ్లి, ముగ్గు వేసిన చోటికి నాలుగడుగుల దూరంలో కూర్చుని చద్దన్నం డబ్బా మూత తీసింది. గునపం ఎత్తిన మంత్రిగారికి నేను తొమ్మిదో నిబంధన చదివి వినిపించాను. ఆయన గునపం అలాగే పట్టుకుని పరాంకుశం గారి వంక చూశారు. పరాంకుశం గారు దానమ్మ ముందుకొచ్చి చేతులు కట్టుకున్నారు.

"అమ్మా, తమరు ఈ ప్రదేశము నుండి స్థానచలనము గావింపవలసినదిగా సవినయముగా..."

"ఏటంతన్నాడు?" అని దానమ్మ నన్నడిగింది.

"లేచి వెళ్లమంటున్నారు."

"నా సోటు నాకిచ్చీమను. నెత్తల్లెండేసుకుంతాను. అక్కడే పడుంతాను, ఎవుల జోలికీ రాను."

"చేపలు ఎండవేయుట అను అంశము ఉపసంఘ పరిశీలనలో ఉన్నది," అన్నారు పరాంకుశం గారు.

"అయితే నాను లేవడం కూడా పరిసీలన్లోనే ఉన్నాది," అని దానమ్మ అన్నం కలుపుకుంది.

మంత్రిగారి వెంట వచ్చినవాళ్లలో ఒకాయన, "ఎత్తి పక్కన కూచోబెట్టండయ్యా," అన్నాడు. నేను పద్నాలుగో నిబంధన తీశాను. అవశేషాన్ని వట్టిచేతులతో తాకరాదు. కదపవలసి వస్తే మెత్తటి తొడుగులు వేసుకుని, గడ్డి నింపిన చెక్కపెట్టెలో పెట్టి, ముగ్గురు నిపుణుల సమక్షంలో కదపాలి. తొడుగులు లేవు, పెట్టె లేదు, నిపుణులు రాజధానిలో ఉన్నారు. మేళగాళ్లు సన్నాయిలు సంచీలో సర్దేసుకున్నారు. మంత్రిగారు గునపం పరాంకుశం గారి చేతిలో పెట్టి, "సాయంత్రానికల్లా ఈవిడ ప్రాచీనం కాకూడదు," అని కారు కోసం వంద మీటర్లు నడుచుకుంటూ వెళ్లిపోయారు.

పరాంకుశం గారు మధ్యాహ్నమంతా గదిలో తల పట్టుకుని కూర్చున్నారు. ప్రాచీనమైనదాన్ని నవీనం చేయడానికి వీల్లేదు. పొరపాటు జరిగిందని రాయడానికి అసలే వీల్లేదు, దానికి ప్రపత్రమే లేదు. మూడున్నరకి నన్ను పిలిచారు. ఆయన చేతిలో నా మొదటి రిపోర్టు ఉంది, ఆ ఒకటిన్నర పేజీది.

"ఇంతటి అమూల్యమైన పరిశోధనను మీరు ఇంతకాలము ఏల మరుగుపరచితిరి?" అని నన్ను మందలించి, కొత్త ఉత్తర్వు చెప్పి రాయించారు.

"పాతరేవు తీరమునందలి సదరు రాళ్లు, సదరు రాళ్లను చెక్కిన సదరు అవశేషము, ఉభయములూ విదేశీ ఓడల అడుగున బరువు నిమిత్తము తేబడి, అవసరము తీరిన పిమ్మట ఒడ్డున పారబోయబడినట్లు సాంకేతిక సహాయకుని నివేదిక ద్వారా నిర్ధారణ అయినది. కావున వీనికి ఈ జిల్లా వారసత్వముతో ఎట్టి సంబంధము లేదు. పరిరక్షణ ఉపసంహరించుకొనడమైనది."

సర్క్యులర్‌కు సంజాయిషీ కూడా దాంతోనే తయారైంది. మా జిల్లాకు రావడానికి ఆదిమానవుడు ఓడెక్కాడు గానీ సకాలంలో దిగలేదని రాశారు. రాజధానివాళ్లు ఆ సంజాయిషీని మిగతా జిల్లాలకు నమూనాగా పంపించారని తర్వాత విన్నాను.

శుక్రవారం పొద్దున్నే ఉత్తర్వు పట్టుకుని పాతరేవు వెళ్లాను. దానమ్మ అప్పటికే తిరిగి వచ్చి కంచె బయట నిలబడి ఉంది. ఆ ముక్క చదవడానికి నాకు నోరు రాలేదు. ఆమె ఊరుకోలేదు, చదివించుకుంది.

"నన్ను ఓడలో తెచ్చి పారబోసినారా?"

"అలా రాశారమ్మా."

"మా అత్త బతికుంతే ఈ మాటకి తెడ్డట్టుకొచ్చును," అని నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, "నా మొగుడి మాటేటి?" అంది.

"పింఛనుకి మళ్లీ దరఖాస్తు నేను రాస్తాను. పెళ్లయిందని నేనే సాక్షి సంతకం పెడతాను."

"నువ్వు సూసినావేటి నా పెళ్లి?"

"చూడలేదు. వాళ్లు పన్నెండు వేల ఏళ్ల కిందటి సంగతులకే సంతకాలు పెట్టారు, నేను నలభై ఏళ్ల కిందటిదానికి పెట్టలేనా?"

ఆమె తల ఊపి, మెడలో బిళ్ల తెంపి నా చేతిలో పెట్టింది. "మరి నా సోటు?"

"నీదే."

"కంచె?"

ఉత్తర్వు ఆఖరి వాక్యం నేను ఇంకా చదవలేదు. చదివాను. కంచె తొలగింపు నిమిత్తం వేరుగా టెండర్లు పిలవబడతాయి. గడువు తొంభై రోజులు. నెత్తళ్ల కాలం ఇంకా ఇరవై రోజులుంది. అవతల తెప్పలు ఒడ్డుకొస్తున్నాయి, ఆడవాళ్లు గంపలెత్తుకుని నీళ్లలోకి దిగుతున్నారు. రాళ్ల పరుపు అప్పటికే కాగుతోంది. ఐసు లారీ వెనక తలుపు తెరుచుకుని సిద్ధంగా ఉంది.

నేను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. చెప్పులు విప్పి, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, మొదటి స్తంభాన్ని రెండు చేతులా పట్టుకుని కదిపాను. ఇసుకలో పాతింది కాబట్టి కదిలింది.

"ఆడరున్నాదేటి బాబూ?" అంది దానమ్మ.

"లేదమ్మా."

"అయితే బేగి లాగు," అని ఆమె రెండో వైపు పట్టుకుంది.